తీర్పు రాకముందే వెళ్లిపోయిన బిర్సా ముండా

నవంబరు 15 దగ్గర పడగానే మన యువత ఫోన్లలో స్టేటస్‌లు మారిపోతాయి. తలపాగా చుట్టుకున్న బిర్సా ముండా బొమ్మ, దాని కింద జయంతి శుభాకాంక్షలు. 2021 నుంచి కేంద్ర ప్రభుత్వం కూడా ఆ రోజును జనజాతీయ గౌరవ దినోత్సవంగా జరుపుతోంది కాబట్టి హాస్టళ్లలో వ్యాసరచన పోటీలు పెడుతున్నాం. మా హాస్టల్లో ఆ కాగితాలు దిద్దేది నేనే. పుట్టిన ఊరు, ఉద్యమం పేరు, చనిపోయిన తేదీ పిల్లలు తప్పు లేకుండా రాస్తారు. ఒక్క సంగతి మాత్రం దాదాపు ఎవరూ రాయరు. కన్నుమూసిన రోజున బిర్సా శిక్ష పడిన ఖైదీ కాదు, విచారణ ఖైదీ. 1900లో పెట్టిన కేసుల్లో ఆయన దోషి అని ఏ న్యాయమూర్తీ చెప్పలేదు. అక్కడిదాకా కేసు రానేలేదు.

ఆయన జీవితాన్ని ఈసారి ఆ వైపు నుంచి చెబుతాను.

ఇప్పటి జార్ఖండ్‌లో ఖూంటీ జిల్లా ఉలిహాతు గ్రామం. 1875 నవంబరు 15న సుగనా ముండా, కర్మీ దంపతులకు బిర్సా పుట్టాడు. సొంత భూమి నిలవని కుటుంబం. పని ఎక్కడ దొరికితే అక్కడికి పోవాల్సిందే. బాల్యం ఎక్కువగా చల్కద్‌లో గడిచింది. కొన్నాళ్లు మేనమామ గారి ఊరు అయుభాతులో ఉన్నాడు. మేకలు కాస్తూ వేణువు వాయించేవాడు. సొరకాయ బుర్రతో చేసే తుయిలా అనే ఒంటితీగ వాద్యం కూడా బాగా వాయించేవాడట. అఖరాలో, అంటే ఊరి ఆట మైదానంలో, అతను ఉంటే సందడే వేరని చెప్పుకునేవారు.

ముండాల భూమి పద్ధతిని ఖూంట్‌కట్టి అంటారు. అడవి నరికి, రాళ్లు ఏరి, ఊరు కట్టిన మొదటి కుటుంబాల వంశస్థులందరికీ ఆ ఊరి భూమి ఉమ్మడి హక్కు. దీనికి పట్టా లేదు, కాగితం లేదు. పూర్వీకుల సమాధుల మీద నిలబెట్టిన పెద్ద బండలే వాళ్ల పట్టాలు. చోటానాగపూర్ రాజులు తమ బంధువులకు, ఆశ్రితులకు ఊళ్లను జాగీర్లుగా ఇచ్చేశారు. వాళ్లు బయటి నుంచి ఠేకాదారులను, వడ్డీ వ్యాపారులను తెచ్చారు. ముండాలు వీళ్లందరినీ దికూలు అన్నారు. శిస్తు పెరిగింది, వెట్టి పెరిగింది. గొడవ కోర్టుకు వెళితే అక్కడ మాట్లాడే భాష ముండారీ కాదు, చూసేది కాగితం. కాగితం ఉన్నవాడు యజమాని, లేనివాడు ఆక్రమణదారు. తాత నరికిన అడవిలో మనవడు దొంగ అయ్యాడు. మన ఏజెన్సీలో పోడు చేసుకునే ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఈ మాట నేను విడమరిచి చెప్పనవసరం లేదు.

ముండా పెద్దలు ముందే ఆయుధం పట్టలేదు. సర్దార్లు అని పిలిచే ఆ పెద్దలు దశాబ్దాల తరబడి అర్జీలు రాయించారు. రాంచీకి, కలకత్తాకు, లండన్‌కు కూడా పంపారు. చందాలు వేసుకుని కలకత్తా వకీళ్లను పెట్టుకున్నారు. ఫలితం శూన్యం. అర్జీ పెట్టినవాడికి తగాదాకోరు అనే పేరు మాత్రం మిగిలింది.

చదువు కోసం బిర్సా కుటుంబం క్రైస్తవం తీసుకుంది. 1886 నుంచి 1890 దాకా చాయిబాసాలోని జర్మన్ మిషన్ బడిలో చదివాడు. అప్పటికే మిషన్‌కూ సర్దార్లకూ చెడింది. సర్దార్లంతా మోసగాళ్లని పాదిరీలు నిందిస్తుంటే ఆ కుర్రాడు ఊరుకోలేదు, ఎదురు మాట్లాడాడు. బడి నుంచి బయటికి రావాల్సి వచ్చింది. ఎవరో ఒకరు తప్పు చేశారని చెప్పడం వేరు, ఒక జాతి పెద్దలందరినీ ఒకే మాటతో మోసగాళ్లని తేల్చేయడం వేరు. పదిహేనేళ్ల వయసులో బిర్సా ఆ తేడా పట్టుకున్నాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

తర్వాత కొన్నేళ్లు బంద్‌గావ్‌లో వైష్ణవుడైన ఆనంద్ పాండే దగ్గర గడిపాడు. జంధ్యం వేసుకున్నాడు, మాంసం మానేశాడు. అడవి హక్కుల కోసం సర్దార్లు చేసిన ప్రయత్నాల్లోనూ కలిశాడు. చివరికి ఏ మతంలోనూ ఆగకుండా తనదైన దారి చెప్పసాగాడు. ఒక్కడే దేవుడు, బలులు వద్దు, సారా వద్దు, ఇల్లూ ఒళ్లూ శుభ్రంగా ఉంచుకోండి అనేదే ఆ బోధ. రోగాలు వచ్చిన ఇళ్లకు వెళ్లి సేవ చేశాడు. ఇరవై ఏళ్లు నిండని ఆ యువకుణ్ణి చూడటానికి చల్కద్‌కు జనం బారులు కట్టారు. ధర్తీ ఆబా, అంటే భూమికి తండ్రి, అని పిలిచారు.

ఈ బోధతో పాటు ఇంకో మాట కూడా చెప్పాడు. దొరల పాలన అయిపోవచ్చింది, మన రాజ్యం వస్తుంది, శిస్తులు కట్టొద్దు అన్నాడు. ప్రభుత్వానికి నిద్ర పట్టనివ్వని మాట అదే.

1895 ఆగస్టులో మొదట వచ్చిన పోలీసులను ఊరివాళ్లు తరిమేశారు. ఆ నెలాఖరులో మీర్స్ అనే పోలీసు అధికారి రాత్రిపూట బలగంతో బయల్దేరాడు. ముర్హూ మిషన్ పాదిరీ, బంద్‌గావ్ జమీందారు అతని వెంట ఉన్నారు. ఒక మనిషిని అరెస్టు చేయడానికి పోలీసు, పాదిరీ, జమీందారు ముగ్గురూ కలిసి వెళ్లారన్న సంగతి ఒక్కసారి గమనించండి. నిద్రపోతున్న బిర్సాను పట్టుకుని, అరవకుండా నోట్లో గుడ్డ కుక్కి తీసుకుపోయారు.

అప్పటికి బిర్సా ఎవరినీ కొట్టలేదు. ఏ ఇల్లూ తగలబెట్టలేదు. ఆయన మీద మోపిన నేరం మాటలకు సంబంధించింది. జనాన్ని ప్రభుత్వం మీదికి రెచ్చగొట్టాడని భారత శిక్షాస్మృతి 505 సెక్షన్ కింద కేసు. విచారణ ఖూంటీలో అందరి ముందూ జరపాలని అధికారులు అనుకున్నారు. మీరు దేవుడనుకుంటున్నవాడు మామూలు మనిషేనని ముండాలకు చూపించడం వాళ్ల ఉద్దేశం. అంటే ఆ విచారణ నిజం తేల్చడానికి కాదు, తేలిపోయిందనుకున్న దాన్ని ప్రదర్శించడానికి. కానీ వేలాదిగా వచ్చిన జనాన్ని చూసి అధికారులే కంగారుపడ్డారు. విచారణ ఆపి ఆయన్ని రాంచీకి తరలించారు. నవంబరులో రెండేళ్ల కఠిన శిక్ష, జరిమానా పడ్డాయి. హజారీబాగ్ జైల్లో గడిపాడు. బయట చోటానాగపూర్‌ను కరువు, రోగాలు కుదిపేశాయి.

విడుదలయ్యాక కూడా ఆయనకు స్వేచ్ఛ దొరకలేదు. 1898లో అనుచరులతో చుటియా గుడికి వెళ్లాడు. అది తమ పూర్వీకులదని ముండాల నమ్మకం. అక్కడ గొడవ జరగడంతో మళ్లీ వారంటు. అప్పటినుంచి దాదాపు రెండేళ్లు అజ్ఞాతవాసం. కొండల మీద రాత్రి సభలు, ఊరి నుంచి ఊరికి కబుర్లు. డోంబారీ కొండ పేరు ఆ రోజుల్లోనే ముండాలందరి నోటా నానింది.

1899 డిసెంబరు 24, క్రిస్మస్ ముందు రాత్రి ఉల్గులాన్ మొదలైంది. ఉల్గులాన్ అంటే పెద్ద కలకలం, మహా తిరుగుబాటు. రాంచీ, సింగ్‌భూమ్ ప్రాంతాల్లో చర్చిల మీద, మిషన్ ఇళ్ల మీద బాణాలు పడ్డాయి. జనవరి మొదటి వారంలో గయా ముండా ఊరు ఎత్కేడీలో కానిస్టేబుళ్లను చంపారు. గయా ముండా కోసం డిప్యూటీ కమిషనర్ స్వయంగా వస్తే అతని భార్య మాకీ, ఇంటి ఆడవాళ్లు చేతికందినదల్లా పట్టుకుని ఎదిరించారు. జనవరి 7న ఖూంటీ పోలీసు స్టేషన్ మీద దాడి జరిగింది, అక్కడా ఒక కానిస్టేబుల్ చనిపోయాడు.

ఇవన్నీ దాచి బిర్సా కథ చెప్పకూడదు. జయంతి సభల్లో కొందరు వక్తలు ఈ భాగం దాటేస్తారు, నాకది నచ్చదు. చనిపోయిన ఆ కానిస్టేబుళ్లూ పేదింటి మనుషులే. ఆ చావుల్లో బిర్సా బాధ్యత ఎంత, ఆజ్ఞ ఇచ్చింది ఎవరు, బాణం వేసింది ఎవరు? సాక్షులను పిలిచి, నిందితుడి మాట విని కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలవి. ఏ తప్పూ చేయనివాడికి మాత్రమే విచారణ హక్కు ఉంటుందనుకుంటే అసలు విచారణ ఎందుకు? చేశాడో లేదో తెలియనప్పుడే కదా విచారించేది!

జనవరి 9న సైల్ రకబ్ కొండ మీద గుమిగూడిన జనాన్ని సైన్యం చుట్టుముట్టింది. ఒకవైపు తుపాకులు, మరోవైపు విల్లంబులు, రాళ్లు. చనిపోయినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. ఎందరు పోయారన్న దాని మీద ప్రభుత్వం చెప్పిన లెక్క చిన్నది, జనం చెప్పుకునే లెక్క వందల్లో. ఆ కొండ మీద ఉన్నవాళ్లెవరూ నేరం రుజువైనవాళ్లు కారు. ఆ రోజు కొండ మీద ఉండటమే నేరమైంది.

బిర్సా అక్కడ దొరకలేదు. పట్టిస్తే 500 రూపాయలు ఇస్తామని ప్రకటించారు. ఆ కాలంలో ఒక ముండా కుటుంబం కళ్లతో చూడని డబ్బు అది. ఊళ్లను గాలించారు, చుట్టాలను వేధించారు. కొన్ని వారాల తర్వాత సింగ్‌భూమ్ అడవిలో నిద్రపోతుండగా డబ్బుకు ఆశపడ్డ మనుషులు పట్టుకుని అప్పగించారు. రెండు అరెస్టులూ నిద్రలోనే.

రాంచీ జైలు. సంకెళ్లు. విచారణకు ముందు జరిగే తతంగం నెలల తరబడి సాగింది. మే నెలలో కోర్టుకు తెచ్చినప్పుడు ఒంట్లో బాగాలేక వెనక్కి తీసుకుపోవాల్సి వచ్చింది. 1900 జూన్ 9 ఉదయం చనిపోయాడు. వయసు ఇరవై అయిదు కూడా నిండలేదు. కలరా అని ప్రభుత్వం చెప్పింది. విషం పెట్టారని ముండాలు నమ్మారు, ఇప్పటికీ నమ్మేవాళ్లు చాలామంది. నా మట్టుకు నాకు ఏది నిజమైనా జవాబుదారీ మారదు. గొలుసు వేసి లోపల పెట్టినవాడి ప్రాణం ఆ గొలుసు వేసినవాడి పూచీ. మనిషి పోవడంతో ఆయన మీద కేసు అక్కడే ఆగిపోయింది. దోషి అని గానీ నిర్దోషి అని గానీ రాసిన కాగితం లేదు.

ఇక మిగిలినవాళ్ల సంగతి. వందలాది ముండాలను నిందితులుగా చేర్చి జైళ్లలో కుక్కారు. బిర్సాతో పాటు మరికొందరు కూడా విచారణ ముగియకుండానే జైల్లో చనిపోయారు. జాకబ్ అనే కలకత్తా బారిస్టర్ వాళ్ల తరఫున నిలబడ్డాడు. అంతకు ముందు సర్దార్ల కేసులు వాదించిందీ ఆయనే. విచారణ సాగదీయడం మీద, నిందితులను పెట్టిన పరిస్థితుల మీద కలకత్తా పత్రికలు విమర్శలు రాశాయి. చివరికి కొందరికి ఉరి, కొందరికి ద్వీపాంతరం, కొందరికి జైలు పడ్డాయి. మాకీకి కూడా శిక్ష తప్పలేదు. కానీ పట్టుకున్న మొత్తం మందిలో శిక్ష పడినవాళ్లు కొద్దిమందే. మిగతా వాళ్ల మీద నేరం నిలవలేదు. అంటే నేరం రుజువు కాని మనుషులు నెలల తరబడి సంకెళ్లతో గడిపి, నాట్లు వేయాల్సిన కాలం పోగొట్టుకుని, ఖాళీ చేతులతో ఇళ్లకు నడిచి వెళ్లారు. వాళ్లకు ఆ నెలలు ఎవరు తిరిగి ఇచ్చారు?

నేరం రుజువయ్యేదాకా నిందితుడు నిర్దోషి అనే సూత్రం ఆ పాలకులకు తెలియనిది కాదు. మన దేశంలో 1872లో సాక్ష్యాధారాల చట్టం తెచ్చింది వాళ్లే. ఆరోపణ చేసినవాడే రుజువు చేయాలని అందులో ఉంది. దానికి ముందటి ఏడాది, 1871లో, నేరస్థ జాతుల చట్టం తెచ్చిందీ వాళ్లే. ఒక జాతిలో పుట్టడమే నేర స్వభావానికి గుర్తు అని ఆ చట్టం భావించింది. పేర్లు నమోదు చేయించుకోవాలి, పోలీసుకు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. ముండాలను ఆ జాబితాలో చేర్చలేదు. కానీ రెండు చోట్లా పని చేసింది ఒకే చూపు. దొరకు ఒక న్యాయం, అడవి మనిషికి ఇంకో న్యాయం.

1911లో ఆ చట్టాన్ని మార్చి మద్రాసు రాష్ట్రం సహా దేశమంతటికీ విస్తరించారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిందే. ఎరుకల కుటుంబాలను తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో సెటిల్‌మెంటుగా ఉంచారు. అక్కడ పుట్టిన పసిబిడ్డ మీద కూడా ఆ ముద్రే. స్వతంత్రం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడి ముఖం మారిపోవడం మాత్రం ఆ తర్వాత చాలాకాలం పోలేదు. సినిమాలు కూడా ఆ పేరును దొంగలతోనే ముడిపెట్టాయి.

ఆ చూపు మనకు కొత్తేమీ కాదు. ఒకసారి బజారులో ఒక దుకాణంలో ఫోన్ కనబడలేదు. ఆ సమయంలో అక్కడ పది మంది దాకా ఉన్నారు. సంచులు విప్పించింది మాత్రం మా హాస్టల్ పిల్లలు ఇద్దరివే. ఫోన్ కాసేపటికి కౌంటరు వెనకాలే దొరికింది. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. పిల్లల్లో ఒకమ్మాయి వారం రోజులు బజారుకు రానంది. ఇలాంటివి కేసులు కావు, ఏ రికార్డుకూ ఎక్కవు. కానీ ముందు వీళ్లను వెతుకుదాం అనే ఆలోచన పోలీసు స్టేషన్‌లో పుట్టదు, ఇలాంటి దుకాణాల్లోనే పుట్టి అక్కడికి చేరుతుంది.

బిర్సా లాగా అడవిలో వేటాడిన మరొకరు మన మన్యంలోనూ ఉన్నారు. 1924 మే నెలలో కొయ్యూరు దగ్గర పట్టుబడిన అల్లూరి సీతారామరాజుకు కోర్టు అనేదే లేకపోయింది. చెట్టుకు కట్టి కాల్చారు. బిర్సాకు విచారణ సగంలో ఆగింది, సీతారామరాజుకు మొదలే కాలేదు.

ఇప్పుడు మన రాజ్యాంగం ఉంది. దాంట్లో ఉన్నవి మీకు నోటికి వచ్చి ఉండాలి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకు తీసుకువెళ్లాలి, నచ్చిన న్యాయవాదితో మాట్లాడనివ్వాలి. 22వ అధికరణంలో ఉన్నవి ఇవే. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం షెడ్యూల్డ్ తెగల వారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. తెల్ల రేషన్ కార్డు చూపించమని ఎవరైనా అడిగితే అవసరం లేదని చెప్పండి. జిల్లా కోర్టుల్లో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర ప్రక్రియ చట్టం, అంటే భారతీయ నాగరిక సురక్షా సంహితలో 479 సెక్షన్ చదవండి. ఉరి, యావజ్జీవం పడే కేసులు కాకపోతే, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణ ఖైదీగానే గడిపినవారిని బెయిలు మీద వదలాలి. మొదటిసారి కేసు అయితే మూడో వంతు చాలు. వేరే కేసులు కూడా పెండింగులో ఉన్నవారికి ఇది వర్తించదు. చట్టం ఇలా ఉన్నా, దేశంలోని జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఇప్పటికీ విచారణ ఖైదీలే. పూచీకత్తు ఇచ్చేవాడు లేకో, బెయిలు వచ్చిందన్న సంగతే తెలియకో లోపల ఉండిపోయేవాళ్లలో మనవాళ్లు ఉంటారు. లా చదువుతున్న మన పిల్లలు సెలవుల్లో ఒక్కసారి దగ్గరలోని సబ్ జైలుకు న్యాయ సేవా వలంటీరుగా వెళ్లి, ఎవరు ఎన్నాళ్లుగా ఉన్నారో లెక్క రాసుకు రండి. సంఘం తరఫున ఏం చేయగలమో అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.

బిర్సా పోయిన ఎనిమిదేళ్లకు, 1908లో, చోటానాగపూర్ కౌలు చట్టం వచ్చింది. ఖూంట్‌కట్టి హక్కును చట్టం మొదటిసారిగా గట్టిగా గుర్తించింది. ఆదివాసీ భూమి బయటివాళ్ల చేతికి పోకుండా అడ్డుకట్ట వేసింది. మనకు 1/70 ఎలాగో వాళ్లకు అది అలాగ. ఏ కోరికల కోసం ఆయన్ని ద్రోహి అన్నారో వాటిలో కొన్ని న్యాయమైనవేనని ఆ ప్రభుత్వమే కాగితం మీద ఒప్పుకుందన్నమాట. ఆయన పేరు మీద ఉన్న నింద గురించి మాత్రం అందులో ఒక్క ముక్క లేదు.

2000లో జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడినప్పుడు ముహూర్తంగా ఆయన పుట్టినరోజునే ఎంచుకున్నారు. రాంచీలో ఆయన విగ్రహాలకు చాలాకాలం చేతులకు గొలుసులు ఉండేవి. గొలుసులు లేని బిర్సానే యువత చూడాలని 2016లో అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది. ఆ ఉద్దేశం మంచిదే. నన్నడిగితే ఒక్క విగ్రహానికైనా గొలుసు ఉంచాలంటాను. తీర్పు లేకుండా వేసిన గొలుసు అది, కనబడుతుండాలి.

ఆయన చనిపోయిన పాత జైలు ఇప్పుడు బిర్సా ముండా స్మారక మ్యూజియం. రాంచీ వెళ్లినవాళ్లు అక్కడితో ఆగకుండా కోకర్ కూడా వెళ్లండి. డిస్టిలరీ వంతెన దగ్గర, అప్పట్లో వాగు ఒడ్డున, జైలు మనుషులే హడావుడిగా దహనం చేసేసిన చోట ఇప్పుడు సమాధి ఉంది. ముండాల్లో పూర్వీకుల ఎముకలను ఊరి బండ కింద ఉంచి, ఆ బండనే హక్కు పత్రంగా చూసుకుంటారని ముందు చెప్పాను కదా. ఉలిహాతులో అలాంటి బండ కిందికి చేరాల్సిన మనిషి కోకర్‌లో ఉన్నాడు.